కల్చర్ అనే మాటను నేను నమ్మను

ఒకసారి మా బడికి పైనుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. వాకాడు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది మా హైస్కూలు. రాకెట్ లేచినప్పుడల్లా కిటికీ రెక్కలు అదురుతాయి. అక్కడ నేను ఇంగ్లీషు టీచర్ని. ఆయన తొమ్మిదో తరగతిలోకి వచ్చి, ముందు బెంచీలో పిల్లను లేపి, మీ కల్చర్ ఏమిటో చెప్పమ్మా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆ పిల్ల తడుముకోలేదు.

"వనామి, సార్" అంది.

ఆయన పడీపడీ నవ్వాడు. పిల్లలెవరూ నవ్వలేదు. వనామి అంటే రొయ్యల్లో ఒక రకం. మా వైపు కల్చర్ చేయడం అంటే రొయ్యలు పెంచడం. ఆ పిల్ల తండ్రి వనామి వేశాడు, ఉన్న మాట చెప్పింది. ఇందులో నవ్వడానికేముందని నాకు ఒళ్లు మండింది. ఆయన జీపెక్కాక ఆ పిల్ల మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"ఆ సార్ ఎందుకడిగినాడు మేడమ్? కంపెనీ మనిషా?"

"కాదులేమ్మా. చదువు ఆఫీసరు."

"అయితే సరే. వనామి అని మాత్రమే చెప్పినా. మందుల సంగతి అడిగుంటే ఏం వాడలేదనే చెప్పుండేదాన్ని."

నేను ఆ పిల్ల వీపు తట్టాను. మంచిపని చేశావన్నాను. టీచర్ని కదా, సరైన జవాబు చెబితే మెచ్చుకోవాలి మరి.

ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ మాట మీద నాకున్న అనుమానం చెప్పాలి. కల్చర్ అనేది ఒక చోట కుదురుగా ఉండే మాట కాదు. బస్సులో సీటు కోసం తోసుకుంటుంటే కండక్టరు "కల్చర్ లేని మనుషులు" అంటాడు. బడి వార్షికోత్సవంలో పిల్లలకు మెరుపు చీరలు కట్టించి ఎగిరిస్తే అవి కల్చరల్స్. టీచర్ల ట్రైనింగులో టై కట్టుకున్నతను వచ్చి మీ బళ్లల్లో వర్క్ కల్చర్ లేదంటాడు. టీ ఆలస్యమైందని విసుక్కునేదీ అతనే. చెరువు గట్టు మీద అదే మాట నీళ్లను చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ల మోత, మేత బస్తాలు, రాత్రి కాపలాలు. ఇన్ని ఇళ్లు తిరిగే మనిషిని మా ఊళ్లో ఎవరూ గడప లోపలికి రానివ్వరు. మాటను మాత్రం అందరం రానిచ్చాం.

మా నాన్న రానివ్వలేదు. మాది వెంకటాచలం దగ్గర, వరి పండించే కుటుంబం. పెళ్లిచూపులప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని నాన్న అడిగితే, మధ్యవర్తి గొప్పగా "కల్చర్ చేస్తాడు" అన్నాడు. వాళ్లు వెళ్లాక నాన్న అమ్మతో అన్నది నేను వంటింట్లోంచి విన్నాను.

"పండే భూమిలోకి ఉప్పునీళ్లు పెట్టేవాణ్ణి ఏమని నమ్మేది? వాడు దేన్నైనా పెడతాడు."

అయినా పెళ్లయింది. నాకు ఉద్యోగం ఉంది, ఆయనకు రెండు చెరువులు ఉన్నాయి, జాతకాలు కలిశాయి. కాపురానికి వచ్చాక నేను మొదట నేర్చుకున్నది రొయ్యల సంగతి కాదు, అనుమానం. గట్టు మీదికి కొత్త మనిషి వస్తే పక్క చెరువు రోగం కాళ్లకు అంటించుకొచ్చాడేమో అని అనుమానం. పక్కవాడు నీళ్లు వదిలితే ఎందుకు వదిలాడని అనుమానం. వాడు నవ్వుతూ పలకరిస్తే ఏం కూపీ లాగుతున్నాడో అని ఇంకా అనుమానం. మా ఆయన మెత్తటివాడే. ఇంట్లో గట్టిగా ఒక మాట అనడు. కానీ గట్టు మీద నిలబడ్డప్పుడు ఆయన కళ్లు వేరు. వచ్చేవాణ్ణి అరికాళ్ల నుంచి చూడడం మొదలుపెడతాడు.

అన్నిటికంటే పెద్ద అనుమానం కంపెనీ వాళ్ల మీద. రొయ్యలు పట్టబోయే ముందు, కొనే కంపెనీ నుంచి ఒకతను ఐసు పెట్టె పట్టుకుని వస్తాడు. గుప్పెడు రొయ్యలు పట్టుకుని, పరీక్షకు కవర్లో కడుతూ, మామూలుగా అడుగుతున్నట్టే అడుగుతాడు: "మందులేమైనా వాడినారా?" రొయ్యలకు రోగమొస్తే మనుషుల మందులు వేయకూడదు, విదేశాల వాళ్లు కొనరు. ఒక్క చెరువు సరుకులో దొరికిందంటే ఊరి సరుకంతా వెనక్కే. అందుకని ఊరు ఊరంతా ఒకటే జవాబు: ఏం వాడలేదు. ముసలివాళ్లకూ వచ్చు, బడిపిల్లలకూ వచ్చు.

వాడలేదా అంటే, వాడాం. దాచి ఏం లాభం. రెండు నెలల పంటకు రోగం తగిలి నీళ్ల మీద తెల్లమలం తేలితే ఏ రైతు చేతులు కట్టుకుని కూర్చుంటాడు? నెల్లూరులో మందుల షాపు నుంచి డబ్బాలకు డబ్బాలు మాత్రలు తెచ్చేవాళ్లం. మనుషులు మింగేవే. ఇంట్లో పాత మిక్సీ జారు ఒకటి దానికే కేటాయించాను. బడి నుంచి రాగానే చీర మార్చుకుని మాత్రలు పొడి కొట్టేదాన్ని. ఆ పొడిని కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి, మేతకు పట్టించి, డాబా మీద ఆరబెట్టేవాళ్లం. ఇంగ్లీషు టీచరమ్మ డాబా మీద ఏం ఆరబెట్టిందని ఎవరైనా అడిగితే వడియాలు అనేదాన్ని. రొయ్యలు పట్టడానికి నెల ముందే ఆపేస్తామని మా మనసుకు మేం సర్దిచెప్పుకునేవాళ్లం. కానీ ఆ ఏడాది ఆపలేదు. రోగం ఆలస్యంగా వచ్చింది, మేం ఆలస్యంగా వేశాం.

సరిగ్గా అప్పుడే మా ఆయన కాలికి దెబ్బ తగిలింది. ఏరేటర్ రెక్క విరిగితే మార్చడానికి నీళ్లలోకి దిగాడు. అడుగున పడ్డ విరిగిన ముక్క ఎడమ పాదం పక్కన కోసింది. పెద్ద గాయం కాదు. ఇంటికి కుంటుకుంటూ వచ్చి, పసుపు పెట్టమన్నాడు. ఆయనకు షుగర్ ఉంది. ఆసుపత్రికి పోదాం పదండి అన్నాను.

"చీమ కుట్టినంత దానికి ఆసుపత్రేంది మే? ఇంట్లో ఇన్ని మాత్రలుండాయి. మనుషుల మాత్రలే గదా."

మొదటి మాత్ర నేనే ఇచ్చాను. మిక్సీ జారు పక్కన ఉన్న డబ్బాలోంచి ఒక షీటు తీసి, గ్లాసుతో నీళ్లు ఇచ్చాను. ఈ ఒక్క సంగతీ నా కర్మ. ఆయన పూటకొకటి చొప్పున గుర్తొచ్చినప్పుడల్లా నాలుగు రోజులు మింగాడు. ఐదో రోజు పొద్దున పాదం ఉబ్బి, కాలు మోకాలి దాకా కాలిపోతోంది. చలి. మాట తడబడుతోంది. ఆయన అన్నగారు, మా బావగారు, ఆటో పిలిపించి, "చెరువుల కాడ నేను చూసుకుంటా, నువ్వు నెల్లూరికి పో తల్లీ" అన్నాడు. బయల్దేరే ముందు నేను చేసిన పని ఇప్పటికీ నాకే అర్థం కాదు. డబ్బాలన్నీ గోతాం కింద దాచి, ఆయన వాడిన ఆ సగం షీటును మాత్రం నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఇంట్లో ఉంటే ఎవరి కంటైనా పడుతుందని.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు అమ్మాయి. గబగబా మాట్లాడుతుంది, ఎదుటి మనిషి కళ్లలోకి సూటిగా చూస్తుంది. ఆ చూపే నాకు నచ్చలేదు. కాలు చూసింది, షుగర్ చూసింది, ఆ పైన ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ ఊరు? చెరువు ఎక్కడ? ఎన్నాళ్లుగా చేస్తున్నారు? నీళ్లలో ఏమేం కలుపుతారు? కాలికి దెబ్బ తగిలితే చెరువులో ఏం కలుపుతామో ఈవిడకెందుకు? అలా అనుకుంటూనే తలెత్తి చూశాను. ఆమె వెనక గోడకు క్యాలెండర్ ఉంది. రొయ్యల కంపెనీది. ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రటి రొయ్య బొమ్మ.

ఈవిడ వాళ్ల మనిషే అనుకున్నాను. భర్తో, అన్నో ఆ కంపెనీలో ఉండి ఉంటాడు.

"మందులేమైనా వాడారా?" అని అడిగింది ఆమె.

"ఏం వాడలేదు" అన్నాం ఇద్దరం. ఆయన జ్వరంతో వణుకుతూ, కళ్లు సగం మూసి ఉండి కూడా నాతోపాటే అన్నాడు. ఒకే గొంతు అన్నట్టు వచ్చింది. డాక్టరు రాసుకుంటున్నది ఆపి మా ఇద్దరినీ చూసింది.

"నేను అడిగింది చెరువు సంగతి కాదు. ఈయన ఏమైనా మింగారా అని."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. అయినా వెనక్కి తగ్గలేదు. మింగినవి ఏవని అడుగుతుంది, ఎక్కడివంటుంది, మనుషులకు ఇన్ని డబ్బాలెందుకంటుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. కంపెనీ మనిషి పది రోజుల్లో ఐసు పెట్టెతో వస్తాడు.

"ఏం మింగలేదు మేడమ్. పసుపు పెట్టాం, అంతే" అన్నాను.

"సరే. రక్తం కల్చర్‌కు పంపిస్తున్నాం. రిపోర్టుకు రెండు రోజులు పడుతుంది. ఈలోగా మందు ఎక్కిస్తాం."

ఇక్కడ కూడా అదే మాటా అనుకున్నాను. అర్థం తెలియక కాదు. మనిషి రక్తాన్ని కొంచెం తీసి, సూక్ష్మజీవులకు ఇష్టమైన తిండిలో పోసి, వెచ్చగా ఉంచి, ఏం పెరుగుతుందో చూస్తారు. ఏది పెరిగితే ఏ మందుకు చస్తుందో తేల్చి, ఆ మందు ఇస్తారు. మేం చెరువులో చేసేదీ ఇంచుమించు అదే, చంపడం ఒక్కటి తప్ప.

ఆ రెండు రోజులూ నేను వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఆ మాట పుట్టుక వెతికాను. ఎక్కడో లాటిన్లో పుట్టిందట. అక్కడ దాని మూలానికి నాలుగు పనులు: దున్నడం, ఒక చోట కాపురం ఉండడం, కనిపెట్టి సాకడం, దేవుణ్ణి కొలవడం. నాలుగింటికీ ఒకే మాట. ఇంగ్లీషు వాళ్లు మొదట పొలానికే వాడుకున్నారు, పంటను సాకడం అని. ఆ తర్వాత ఎవరికో మనసును కూడా దున్నవచ్చు అనిపించి చదువుకున్నవాళ్లకు అంటగట్టారు. ఆ పైన ఒక జాతి జాతి మొత్తం ఎలా బతుకుతుందో అది దాని కల్చర్ అన్నారు. ఆఖరికి సీసాలో సూక్ష్మజీవుల దాకా వచ్చింది. పాలల్లో వేసే తోడుకు కూడా ఆ మాటే వాడతారట. మా వాళ్లు దాన్ని పట్టుకొచ్చి మళ్లీ గట్టు మీద పెట్టారు, దున్నే చోట ఉప్పునీళ్లు పెట్టి. సాకడం అనే అర్థం దగ్గర నేను ఆగిపోయాను. రొయ్యపిల్లలకు ఏ పూట ఎంత మేత వేయాలో ఆయనకు నిద్రలో అడిగినా తెలుసు. తన షుగర్ మాత్ర మాత్రం నేను గుర్తుచేస్తేనే.

ఒక జాతి బతికే తీరు కల్చర్ అయితే మా తీరేమిటి? మా బడిపిల్ల ఆ అధికారికి చెప్పింది సగమే. మా కల్చర్ వనామి కాదు. ఏం వాడలేదు అనడం. అది తోచాక ఫోను కట్టేసి ముక్కు చీదుకున్నాను. అయినా లేచి పోయి చెప్పలేదు. అంత తెలివి ఉండి ఏం చేసుకోను?

రెండో రోజు సాయంత్రం రిపోర్టు వచ్చింది. రక్తంలో ఏమీ పెరగలేదట. నాకు ప్రాణం లేచి వచ్చింది. విషం రక్తంలోకి ఎక్కలేదు, గండం గడిచిందనుకున్నాను. డాక్టరు ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఇంత జ్వరం ఉన్న మనిషికి ఏమీ పెరగలేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ముందే ఏదైనా మందు పడి ఉంటే ఇలా వస్తుంది. అది జీవిని చంపదు, పెరగనివ్వదు. మాకు కనిపించకుండా దాచేస్తుంది. మళ్లీ అడుగుతున్నాను, ఏమైనా మింగారా?"

నా హ్యాండ్‌బ్యాగు నా ఒళ్లోనే ఉంది. జిప్పు మీద నా చెయ్యి ఉంది. మళ్లీ అబద్ధం చెప్పాను. మొదటిసారి భయంతో చెప్పాను. రెండోసారి, మొదటిసారి చెప్పాను కాబట్టి చెప్పాను. వార్డులోకి వెళ్తే ఆయన కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు. "ఏం చెప్పలా గదా?" అన్నాడు. లేదన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

మూడో రోజు పొద్దుటికి పాదం వేళ్లు నల్లబడ్డాయి. డాక్టరు నన్ను తన గదికి పిలిచి, ఒక కాగితం ముందుకు జరిపింది. వేళ్లు తీయాలి. సగం పాదం కావచ్చు. మందు ఇలాగే పనిచేయకపోతే మోకాలి దాకా పోవచ్చు, ఆ తర్వాత కాలుతో ఆగకపోవచ్చు. సంతకం పెట్టండి. పెన్ను తీసుకున్నాను. పేరులో మొదటి అక్షరం దగ్గరే ఆగాను. ఆమె ఈసారి ప్రశ్న అడగలేదు.

"టీచర్ గారూ, మీ ఊరు నాకక్కర్లేదు. చెరువులు అక్కర్లేదు. ఆయన ఒంట్లోకి ఏం పోయిందో అదొక్కటీ తెలిస్తే చాలు."

నేను క్యాలెండర్ వైపు చూశాను. మూడు రోజుల్లో మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన వేలాడుతున్నది కూడా అదే. ఆ కంపెనీ వాళ్లు ఏటా నెల్లూరంతా పంచుతారు, కొట్టుకీ గుడికీ మంగలి షాపుకీ. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడ్చాను. అలా ఏడుస్తూనే జిప్పు తీసి, సగం ఖాళీ అయిన షీటును ఆమె బల్ల మీద పెట్టాను.

"నాలుగు రోజులు. పూటకొకటి. ఒక్కోసారి మానేశాడు" అన్నాను.

ఆమె దాన్ని తిప్పి చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

"దీనికి లొంగని జీవికి రెండు రోజుల్నుంచి ఇదే రకం మందు ఎక్కిస్తున్నానమ్మా. అందుకే పనిచేయలేదు" అంది. ఫోను తీసి గబగబా ఎవరికో చెప్పింది: మందు మార్చండి, థియేటర్లో మాంసం ముక్క లోతు నుంచి తీయండి, దాన్ని కల్చర్‌కు పెట్టండి. ఆ షీటు ఎక్కడిదని ఆమె అడగలేదు. అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

పాదంలో ముందు సగం తీసేశారు. ఈసారి కల్చర్‌లో పెరిగింది. దానికి ఒక పేరు చెప్పారు, ఉప్పునీళ్లలో ఉండేదట. ఏ మందుకు లొంగుతుందో తేలింది. రెండు రోజులకు జ్వరం దిగింది. ప్రాణానికి భయం లేదన్నారు, మడమ మిగిలింది, నడుస్తాడన్నారు. మొదటి రోజే చెప్పి ఉంటే రెండు వేళ్లతో పోయేదా? డాక్టరమ్మ అది చెప్పలేనంది. నన్ను ఓదార్చడానికి అందో, నిజంగానే చెప్పలేకపోయిందో నాకు తెలియదు. నేను మాత్రం పోయేదనే అనుకుంటాను, ఇప్పటికీ.

ఆయనకు పూర్తిగా తెలివి వచ్చిన రోజు నేను స్టూలు మీద కూర్చుని కమలాపండు వలుస్తున్నాను. దుప్పటి కింద కాలు ఎంత పొడవు ఉందో ఆయన చూసుకోలేదు. నన్ను చూశాడు.

"చెప్పేసినావా?"

"చెప్పాను. ప్రాణం పోతుందన్నారు."

"ఎవురెవురికి?"

"డాక్టరమ్మకు ఒక్కదానికే."

"చెరువులో వేసింది గూడా చెప్పినావా?"

"లేదు. మీరు మింగినదే చెప్పాను. ఆమె అడగలేదు కూడా."

"ఇంకెవురికీ చెప్పలా?"

"మీ మీద ఒట్టు. ఎవరికీ చెప్పలేదు."

ఇన్నేళ్ల కాపురంలో ఇంత నికార్సైన నిజం నేను ఆయనతో చెప్పి ఉండను. ఆయన నా కాళ్ల నుంచి పైకి చూసుకుంటూ వచ్చాడు. గట్టు మీదికి వచ్చినవాళ్లను చూసే చూపు అది. నన్ను ఆ చూపు చూడడం అదే మొదలు. కమలాపండు తొన ఇస్తే వద్దన్నాడు. దిండు పక్కన ఉన్న ఫోను తీసుకుని, అన్నకు కలిపాడు.

"అన్నా, రేపు తెల్లారేలోగా రెండు చెరువులూ పట్టేయండి. ఎంతకైనా అమ్మేయండి. కంపెనీకి తెలిసిపోయినట్టే. మా ఇంటిదే చెప్పేసింది."

నేను అక్కడే, చేతిలో పండుతో, స్టూలు మీద కూర్చునే ఉన్నాను.